వాక్యూమ్, ఫోర్సెప్స్ కాన్పులో బిడ్డకు దెబ్బ తగిలితే ఏం చేయాలి

బిడ్డ తలకు కప్పు (వాక్యూమ్) గానీ పటకారు లాంటి పరికరం (ఫోర్సెప్స్) గానీ పెట్టి లాగిన కాన్పులో బిడ్డకు దెబ్బ తగిలినంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. ఆ పరిస్థితిలో చేయాల్సింది చేయలేదనీ, బిడ్డకు జరిగిన హాని దాని వల్లే వచ్చిందనీ, దానివల్ల మీకు ఇంత నష్టం కలిగిందనీ మూడూ చూపించాలి. వీటిలో ఎక్కువ భాగం తేలేది కేస్ షీట్ దగ్గరే. అందుకే బిడ్డ వైద్యం, కాగితాలు రెండూ మొదటి వారంలోనే చేతిలోకి తీసుకోవాలి.

ముందు బిడ్డను చూడండి. వాక్యూమ్ కప్పు పెట్టినచోట వచ్చే ఉబ్బు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పుర్రె ఎముక అతుకు దాటకుండా ఒకవైపే గట్టిగా ఉండే గడ్డ కరగడానికి వారాలు పడుతుంది; కామెర్లు వస్తాయేమో గమనిస్తే చాలు. భయపడాల్సింది నెత్తి చర్మం కింద రక్తం పరుచుకునే స్థితికి. తల అంతా మెత్తగా, నీళ్లతిత్తిలా కదులుతుంది. ఉబ్బు చెవుల దాకా, మెడ దాకా దిగుతుంది. బిడ్డ పాలిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది. మూడు కిలోల బిడ్డలో ఉండే రక్తమే సుమారు 250 మి.లీ.; దాదాపు అంతా అక్కడే చేరిపోగలదు. అందుకే వాక్యూమ్ కాన్పు తర్వాత తల చుట్టుకొలత, నాడి గంటగంటకూ రాయాలి. ఆ రాతలు లేకపోవడం మీ కేసులో ముఖ్యమైన అంశం అవుతుంది.

పుట్టగానే ఏడవకపోతే, ఫిట్స్ వస్తే, మెదడుకు ఆక్సిజన్ అందలేదన్న అనుమానం ఉంటే శరీరాన్ని చల్లబరిచే చికిత్స ఆరు గంటల్లోపు మొదలుకావాలి. పెద్ద ఆస్పత్రికి ఎన్నింటికి పంపారన్నది అందుకే చూడాలి. భుజం ఇరుక్కున్న కాన్పులో చెయ్యి వాలిపోతే చాలామంది పిల్లలకు దానంతటదే నయమవుతుంది. మూడు నెలలకూ మోచెయ్యి మడవలేకపోతే మాత్రం నరాల సర్జన్‌కు చూపించాలి, ఆలస్యం చేయొద్దు.

ఇక కాగితాలు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం, అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. దరఖాస్తులో ‘డిశ్చార్జ్ సమ్మరీ’ అని రాసి ఊరుకోవద్దు. పూర్తి కేస్ షీట్, పార్టోగ్రాఫ్ (నొప్పులు ఎలా సాగాయో గంటల వారీగా రాసే పట్టిక), బిడ్డ గుండె చప్పుడు గ్రాఫ్ కాగితం, నర్సుల నోట్సు, సమ్మతి పత్రం, ఆపరేషన్ నోట్సు, ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) చార్టులు, అప్గార్ స్కోరు (పుట్టగానే బిడ్డ స్థితికి ఇచ్చే మార్కులు), స్కాన్ ఫిల్ములు అని విడివిడిగా రాయండి. మీ కాపీ మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. గ్రాఫ్ చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తుంది, కాలం గడిస్తే అచ్చు వెలిసిపోతుంది; అందగానే ఫోటో తీయండి. ప్రభుత్వ ఆస్పత్రయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు.

రికార్డు చేతికొచ్చాక సమయాల వారీగా పట్టిక రాసుకోండి. గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకుందా? తల ఎంత దిగింది, ఎటు తిరిగి ఉంది? మూత్రాశయం ఖాళీ చేశారా? కప్పు పెట్టింది ఎప్పుడు, ఎన్నిసార్లు లాగారు, ఎన్నిసార్లు జారింది? మూడు లాగుళ్లకు తల దిగకపోయినా, కప్పు రెండుసార్లు జారినా ఆపి, సిజేరియన్ గురించి ఆలోచించాలి. వాక్యూమ్ విఫలమయ్యాక ఫోర్సెప్స్ వాడితే గాయాల ముప్పు పెరుగుతుంది. ఎందుకు వాడారో నోట్సులో కారణం ఉండాలి. చివరి దశలో బిడ్డ గుండె చప్పుడు ఐదు నిమిషాలకోసారి చూడాలి. అరగంట పాటు ఒక్క రాతా లేకపోతే అక్కడ గీత గీయండి.

రికార్డులో సాధారణంగా కనపడనిది ఒకటుంది: భుజం ఇరుక్కున్నప్పుడు పైనుంచి పొట్ట నొక్కడం. అలా నొక్కితే భుజం ఇంకా బిగుస్తుంది. కాళ్లు పొట్టవైపు మడిచి, పొత్తికడుపు అడుగున, ముందు కటి ఎముకకు కాస్త పైన నొక్కడం సరైన పద్ధతి. తల్లికి ఏం గుర్తుందో, లోపల ఎవరున్నారో ఆ వారంలోనే రాసిపెట్టాలి. తర్వాత అదే అఫిడవిట్ అవుతుంది. తల్లికి మలద్వారం దాకా చీలిక పడి ఉంటే దాన్నీ విడిగా నమోదు చేయించండి. బిడ్డ హడావుడిలో అందరూ మరిచిపోయేది అదే.

వేరే ఊరి ప్రసూతి నిపుణులు, నవజాత శిశు వైద్యులు ఇద్దరి దగ్గరా రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్ నుంచి వెళ్లిన వి. కిషన్ రావు కేసులో ప్రతి ఫిర్యాదుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అయినా కాన్పు కేసుల్లో అది లేకుండా వెళ్లడం మంచిది కాదు, ఎందుకంటే ‘ఇది ముందుగా తెలియని సమస్య’ అన్నదే ఆస్పత్రి తరఫు ప్రధాన వాదన.

డబ్బు కట్టిన ఆస్పత్రి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. గడువు రెండేళ్లు. పరిధి చూసేది మీరడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు కట్టిన బిల్లును బట్టి. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. తల్లిదండ్రులూ బిడ్డా ముగ్గురినీ ఫిర్యాదుదారులుగా చేర్చండి. 1998 నాటి స్ప్రింగ్ మెడోస్ ఆస్పత్రి కేసులో సుప్రీంకోర్టు తీర్పు తల్లిదండ్రులకూ బిడ్డకూ వేర్వేరుగా పరిహారం ఇవ్వవచ్చని చెప్పింది. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రి ఈ చట్టం కిందికి రాదు. అక్కడ రెండు నెలల నోటీసిచ్చి సివిల్ దావా వేయాలి, లేదా వాస్తవాలు స్పష్టంగా ఉంటే హైకోర్టులో రిట్ వేయాలి. మెడికల్ కౌన్సిల్ డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు కానీ పరిహారం ఇప్పించదు. పోలీసు కేసుకు ఘోర నిర్లక్ష్యం చూపించాలి.

పరిహారం అంకె గాలిలో రాయొద్దు. నెలనెలా ఫిజియోథెరపీ రసీదులు, ప్రయాణ ఖర్చు, తల్లి మానేసిన ఉద్యోగం జీతం స్లిప్పులు, సదరం సర్టిఫికెట్‌లో వైకల్య శాతం జతచేయండి. ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద, బిల్లు తగ్గిస్తామన్నా సరే, లాయరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు.