పంది పిల్లల పెంపకం – ఏడో పాఠం: పాలు మాన్పించిన తొలి రెండు రోజులు

గత పాఠంలో పిల్లలను 28వ రోజున తల్లి నుంచి వేరు చేసే పద్ధతి చెప్పుకున్నాం. వరుస ప్రకారం ఈసారి తూకాలు, పెరుగుదల పట్టిక నేర్చుకోవాలి. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఆ పాఠం చదివి పిల్లలను వేరు చేసిన వారిలో చాలామంది ఒకే సంగతి రాశారు. నాలుగు రోజులు అంతా సవ్యంగానే ఉందట, అయిదో రోజు పొద్దున గదిలోకి వెళ్లేసరికి నేలంతా నీళ్ల పారుడు కనిపించిందట. కంగారులో ఒకరు దాణా మార్చేశారు, ఒకరు నీళ్లు ఆపేశారు, మరొకరు పిల్లలను తిరిగి తల్లి దగ్గరకు వదిలారు. ఇందులో నా లోపం కూడా ఉంది. వేరు చేసే రోజు గురించి పేజీలకు పేజీలు రాసి, ఆ సాయంత్రం పిల్లలు తిన్నాయో లేదో చూడటాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. అది ఎవరైనా చూస్తారులే అనుకున్నాను. అలా అనుకోవాల్సింది కాదు.

అయిదో రోజు కనిపించిన పారుడు అయిదో రోజున మొదలైనది కాదు. దానికి బీజం మొదటి రోజు సాయంత్రమే, ఖాళీ పేగులో పడింది. ఈ పాఠమంతా ఆ ఒక్క సంగతి గురించే.

పంది పిల్ల చిన్న పేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డ మీది నూగులాగా ఆంత్ర చూషకాలు ఉంటాయి. తిన్నదాన్ని పీల్చుకునేవీ, పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైము ఉండేదీ వీటి మీదనే. ఈ చూషకాలకు కావలసిన పోషణలో ఎక్కువ భాగం రక్తం ద్వారా కాక పేగులో నడుస్తున్న ఆహారం నుంచే అందుతుంది. అందువల్ల పేగు ఖాళీ అయిన కొన్ని గంటల్లోనే అవి కుంగడం మొదలవుతుంది, పాలు మాన్పించిన తొలి ఒకటి రెండు రోజుల్లోనే వాటి ఎత్తు గణనీయంగా తగ్గిపోతుంది. మూడో రోజుకు పిల్లకు ఆకలి పట్టలేక తొట్టి మీద పడి కడుపు నిండా తింటుంది. కానీ అప్పటికి ఆ దాణాను అరిగించే గోడ లేదు. అరగని దాణా పెద్ద పేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు విందు అవుతుంది. మామూలుగా అణిగి ఉండే ఈ-కోలై అనే సూక్ష్మజీవి ఆ అదనుతో విజృంభించి, పేగు గోడకు అతుక్కుని, తన విషంతో ఒంట్లోని నీటిని పేగులోకి తోడేస్తుంది. మీరు అయిదో రోజున చూసింది ఆ నీటినే.

దీనికి తోడు అదే వారంలో మరొక రక్షణ కూడా తొలగిపోతుంది. పంది మాయ గుండా రోగనిరోధక పదార్థాలు పిల్లకు చేరవు కాబట్టి పుట్టిన తొలి రోజు తాగే జున్నుపాలే దాని పెట్టుబడి. మూడు నాలుగు వారాలకు ఆ నిల్వ తగ్గుతుంది, సొంత శక్తి ఇంకా కూడదు. అప్పటిదాకా తల్లి పాలలోని రక్షక పదార్థాలు రోజంతా పేగు గోడకు పూతలా ఉండేవి. పాలు మానడంతో ఆ పూత కూడా పోతుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో పాలు మాన్పించడానికి 28 రోజుల సాధారణ పరిమితి ఉంది. మన దగ్గర చిన్న రైతులు 42 నుంచి 56 రోజుల దాకా ఆగడం మామూలే. వసతులు తక్కువగా ఉన్న వారు 42 రోజులకు వేరు చేయడమే మేలని నా అభిప్రాయం. తల్లి త్వరగా ఎదకు రావాలన్న తొందరలో పిల్లలను పోగొట్టుకుంటే మిగిలేదేమీ ఉండదు.

"ఆకలేస్తే అవే తింటాయి" అని రాసిన వారికి విడిగా చెప్పాలి. పంది పిల్లకు ఆకలి తెలుసు, తిండి వేళను మాత్రం తల్లి చెప్పేది. తల్లి సుమారు గంటకోసారి గుర్రుమంటూ పిలుస్తుంది, పిల్లలన్నీ ఒకేసారి వచ్చి తమ తమ చన్నులు పట్టుకుంటాయి, పాలు దిగేది పది ఇరవై సెకన్లే. పగలూ రాత్రీ ఇలా ఇరవైసార్లకు పైగా కొద్దికొద్దిగా, వెచ్చగా, ద్రవంగా తాగిన ప్రాణి ముందు ఒక్కసారిగా పొడి దాణా తొట్టి పెడితే అది ఆహారమని గుర్తించడానికి కొన్నిటికి గంట పడుతుంది, కొన్నిటికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల పిల్లలే మనకు పారుడు తెచ్చేవి.

మా షెడ్డులో కొన్నేళ్ల క్రితం తొమ్మిది పిల్లల ఈత ఒకటి వేరు చేశాను. సాయంత్రానికి తొట్టిలో దాణా సగానికి తగ్గింది, సంతోషించి ఇంటికి వెళ్లాను. మర్నాడు ఒక్కొక్క పిల్లను ఎత్తి చూస్తే ఆరింటికి పొట్ట గుండ్రంగా ఉంది, మూడింటికి పక్కటెముకల వెనుక డొక్క లోపలికి పోయి అరచేయి పట్టేంత గుంట పడింది. ఆ మూడింటిలో ఒకటి ఈతలో అన్నిటికన్నా పెద్దది. అది ముందరి మంచి చన్ను పట్టి పెరిగిన పిల్ల, క్రీప్ దాణా (పాలు తాగే రోజుల్లోనే పిల్లలకు అలవాటు చేసే దాణా) అవసరమే దానికి పడలేదు. తొట్టి తగ్గడం చూస్తే సగటు తెలుస్తుంది, ఏ పిల్ల పస్తు ఉందో తెలియదు. ఆనాటి నుంచి తొట్టిని కాదు, డొక్కను చూస్తున్నాను. పరిశోధనా కేంద్రాల్లో దాణాలో క్రోమిక్ ఆక్సైడ్ కలిపి, ఆకుపచ్చ పేడ వేసిన పిల్లే దాణా తిన్నదని గుర్తిస్తారు. మనకు చేయి, సుద్దముక్క చాలు.

డొక్క పడిన పిల్లకు జావ పట్టాలి. ఒక వంతు క్రీప్ దాణాకు రెండు వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపి, అంచు తక్కువగా ఉన్న వెడల్పాటి పళ్లెంలో పోసి, పిల్ల మూతిని మెల్లగా తాకించాలి. ముక్కు మునిగేలా అదమకూడదు. పెదవికి అంటిన జావను నాలుకతో ఒకసారి నాకితే చాలు, మిగతాది అదే నేర్చుకుంటుంది. నేను పొడవాటి తొట్టి కన్నా గుండ్రని పళ్లేన్నే ఇష్టపడతాను, చుట్టూ చేరి ఒకదాన్ని చూసి ఒకటి తింటాయి. మూడు నాలుగు గంటలకోసారి కొద్దికొద్దిగా కొత్త జావ పోయాలి, పాతదాన్ని పారబోసి పళ్లెం కడగాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం పోసిన జావ సాయంత్రానికి పులుస్తుంది, దాన్ని మాత్రం ఉంచకండి. నాలుగైదు రోజులకు నీళ్లు తగ్గిస్తూ పొడి దాణాకు తీసుకురావాలి.

తల్లిని తీసేసి పిల్లలను అదే గదిలో ఉంచడం, వేరు చేసిన వారం దాణా మార్చకపోవడం, గది 28 డిగ్రీల దగ్గర వెచ్చగా, తేమ లేకుండా ఉంచడం ముందే తెలిసినవి. నీటి నిపుల్ (పిల్ల మూతితో నొక్కితే నీళ్లు వచ్చే గొట్టం) వాడేవారు తొలి మూడు రోజులు దాని పక్కన లోతు లేని గిన్నెలో కూడా నీళ్లు పెట్టండి.

ఇప్పుడు దాణా. నేను రెండు వారాల పాటు వాడే వంద కిలోల మిశ్రమం ఇది: మెత్తగా ఆడించిన మొక్కజొన్న 43 కిలోలు, నూకలు 24, సోయా చెక్క 17, వెన్న తీసిన పాలపొడి 8, మంచి చేపపొడి 4, నూనె 1, ఖనిజ విటమిన్ మిశ్రమం 1.5, సిట్రిక్ ఆమ్లం 1, లైసిన్, మెథియోనిన్, త్రియోనిన్ (మాంసకృత్తులు తయారయ్యే అమైనో ఆమ్లాలు) కలిపి అర కిలో. నూకలను ఉడికించి జావలో వాడగలిగితే ఇంకా మంచిది. వరి పిండిపదార్థం లేత పేగులో సులువుగా అరుగుతుంది, పీచు కూడా తక్కువ. తవుడు చవక కదా అని చాలామంది కలిపారు, ఈ వయసుకు అది వద్దు, పీచు ఎక్కువ, నిల్వ ఉంటే కంపు కొడుతుంది. విడిగా ఉప్పు వేయలేదు, మన బజారులో దొరికే చేపపొడిలో ఉప్పు చాలినంత, కొన్నిసార్లు ఎక్కువే ఉంటుంది. పచ్చి సోయా గింజలు ఆడించి కలిపిన వారు వెంటనే మానాలి. వేడి తగలని సోయాలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది.

ఈ మిశ్రమంలో మాంసకృత్తులు 18 శాతానికి అటూఇటూ ఉంటాయి. 22 శాతం పెడితే త్వరగా పెరుగుతాయి కదా అని అడిగారు. అరిగితే పెరుగుతాయి. అరగని మాంసకృత్తులు పెద్ద పేగులో కుళ్లి అమ్మోనియాగా మారి, చెడ్డ సూక్ష్మజీవులకే బలమిస్తాయి. అందుకే మొత్తాన్ని తగ్గించి, లోటు పడే అమైనో ఆమ్లాలను విడిగా కలుపుతున్నాం.

ఇక నన్ను బాగా బాధపెట్టిన విషయం. మూడో పాఠంలో వద్దన్నాను, అయిదో పాఠంలో వద్దన్నాను, అయినా ఈసారి పారుడు వచ్చిన వారిలో పలువురు "ఎముక పుష్టికి" అంటూ కోళ్ల దాణాలో వాడే సున్నపురాయి పొడిని గుప్పెళ్లతో కలిపారు. గుడ్లు పెట్టే కోడికి పెంకు కోసం ఆ పొడి అవసరం. పాలు మానిన పంది పిల్లకు అదే పొడి ఎందుకు కీడు చేస్తుందో ఈసారి పూర్తిగా చెబుతాను.

పొట్టలోని ఆమ్లం రెండు పనులు చేస్తుంది. మాంసకృత్తులను విడగొట్టే పెప్సిన్ ఆమ్లంలోనే పనిచేస్తుంది, దాణాతో వచ్చే సూక్ష్మజీవుల్లో చాలావరకు ఆ ఆమ్లంలోనే చస్తాయి. అంటే పేగుకు అది వాకిలి కాపలా. పాలు తాగే పిల్ల తన సొంత ఆమ్లం మీద పెద్దగా ఆధారపడదు, పాలలోని లాక్టోజ్‌ను లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే సూక్ష్మజీవి పులియబెట్టి లాక్టిక్ ఆమ్లంగా మార్చి ఆ కాపలా కాస్తుంది. పాలు ఆగగానే లాక్టిక్ ఆమ్లం తగ్గిపోతుంది, పిల్ల సొంత హైడ్రోక్లోరిక్ ఆమ్లం సరిపడా ఊరడానికి ఇంకా వారాలు పడుతుంది. ఉన్న ఆ కాస్త ఆమ్లాన్ని కాపాడుకోవాల్సిన వేళ మనం సున్నపురాయి పొడి పోస్తున్నాం. ధాన్యంతో పోలిస్తే ఆ పొడికి ఆమ్లాన్ని మింగే శక్తి వంద రెట్లకు పైగా ఉంటుంది, కనుక క్వింటాలుకు ఒక కిలో అదనంగా పడినా ఆ తేడా చిన్నది కాదు. ఒక చేత్తో సిట్రిక్ ఆమ్లం కొని కలిపి, మరో చేత్తో దాన్ని చంపే పొడి కలపడం డబ్బును నేలపాలు చేయడమే. పై మిశ్రమంలో పాలపొడి, చేపపొడి, ఖనిజ మిశ్రమం కలిసి కాల్షియంను 0.6 శాతం పైచిలుకు ఇస్తాయి, ఈ రెండు వారాలకు అది చాలు. పెరిగే దశలో మిగతాది ఇవ్వవచ్చు.

నమ్మకం కుదరకపోతే వంటింట్లోనే చూడండి. రెండు గ్లాసుల్లో రెండేసి చెంచాల నిమ్మరసం పోసి, రెండో దానిలో మాత్రం చెంచాడు మెత్తని సున్నపురాయి పొడి వేయండి. బుసబుసమని నురగ పొంగుతుంది, పావుగంటలో అణుగుతుంది. తర్వాత రెండింటిలోనూ అర గ్లాసు చొప్పున గోరువెచ్చని పాలు పోయండి. మొదటి గ్లాసులో పాలు వెంటనే విరుగుతాయి, రెండో దానిలో పాలు దాదాపు పాలలాగే ఉంటాయి. ఆ రెండో గ్లాసే మీ పిల్ల పొట్ట.

ఇప్పటికే పారుడు ఉన్నవారు నీళ్లు ఆపకండి. పిల్ల చచ్చేది పారుడు వల్ల కన్నా ఒంట్లో నీరు ఎండిపోవడం వల్లనే ఎక్కువ. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు నీటిలో కలిపి విడి గిన్నెలో రోజంతా అందుబాటులో ఉంచండి, దాణా సగానికి తగ్గించి జావగా ఎక్కువసార్లు పెట్టండి. దాణాలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ పొడి కలపమని సలహా ఇచ్చేవారి మాట వినవద్దు, ఆహారానికి పెంచే జంతువుల్లో దాని వాడకాన్ని మన దేశంలో 2019లో నిషేధించారు. జింక్ ఆక్సైడ్‌ను పెద్ద మోతాదులో ఔషధంగా కలిపే అలవాటును ఐరోపా సమాఖ్య కూడా 2022 జూన్‌తో ముగించింది. బాగా పెరుగుతున్న పిల్ల కనురెప్పలు వాచి, తూలి పడుతుంటే అది వేరే రకం ఈ-కోలై తెచ్చే వాపు జబ్బు కావచ్చు, పారుడు లేకున్నా గంటల్లో ప్రాణం పోతుంది. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. తర్వాతి ఈతను వేరు చేసిన రోజు సాయంత్రం ఆరు నుంచి 48 గంటల పాటు, రాత్రితో సహా, నాలుగు గంటలకోసారి గదిలోకి వెళ్లండి. ప్రతి పిల్ల వీపు మీద సుద్దతో అంకె వేయండి. వెళ్లిన ప్రతిసారీ డొక్కను చేత్తో తాకి నిండు, సగం, గుంట అని మూడు మాటల్లో ఒకటి నోటు పుస్తకంలో రాయండి. వరుసగా రెండుసార్లు గుంట అని పడిన పిల్లకు జావ పట్టి, ఆ సమయం కూడా రాయండి. తర్వాత పదో రోజు దాకా ఏ అంకె పిల్లకు పారుడు వచ్చిందో పక్క వరుసలో గుర్తు పెట్టండి. తూకాల పాఠానికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం మీ ముందు ఉండాలి, పట్టిక దాని మీదనే గీస్తాం.