పదిమంది కలిసి వేసే గోడబొమ్మ

వీధిగోడ మీద వేసిన బొమ్మ రెండేళ్లకే పెచ్చులూడుతోందంటే తప్పు చాలావరకు గోడదే. అందుకే ఏం బొమ్మ వేద్దామన్న చర్చకు ముందు గోడను పరీక్షించండి. రెండడుగుల ప్లాస్టిక్ షీటును గోడకు ఆనించి, నాలుగంచులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. షీటు వెనక నీటిబొట్లు కనిపిస్తే చెమ్మ ఉన్నట్టే. అది ఎక్కణ్నుంచి వస్తోందో తేలేదాకా ఆ గోడ జోలికి పోవద్దు. కొత్త ప్లాస్టరింగైతే 28 రోజులు ఆగాలి. తొందరపడితే సిమెంటులోని క్షారం రంగును వెలిసిపోయేలా చేస్తుంది, తెల్లటి ఉప్పు పైకి తేలుతుంది. పాత సున్నం గోడను అరచేత్తో రుద్ది చూడండి. పొడి అంటితే గట్టి పొర తగిలేదాకా వైర్ బ్రష్‌తో గీకాల్సిందే. లేకపోతే రంగుకు ముందు పూసే ప్రైమర్ సున్నంతో సహా ఊడొస్తుంది.

యజమాని అనుమతి కాగితం మీదే తీసుకోండి. బొమ్మను ఎన్నేళ్లు ఉంచుతారో, మరమ్మతు ఎవరిదో అందులో రాయించాలి.

20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడకు 20 అంగుళాలు, 10 అంగుళాల నమూనా గీయండి. దానిమీద అంగుళం గళ్లు గీస్తే, ఒక్కో గడి గోడమీద అడుగు గడి అవుతుంది. సుద్దపొడి రుద్దిన దారాన్ని ఇద్దరు లాగిపట్టి కొడితే గళ్లు తిన్నగా పడతాయి.

బయటి గోడలకు వాడే ఎక్రిలిక్ ఎమల్షన్ రంగు కొనండి. నున్నటి గోడకైతే లీటరు సుమారు 100 చదరపు అడుగులకు ఒక పూత వస్తుంది; గరుకు గోడ ఇంకా తాగుతుంది. కలిపి తయారుచేసే రంగులను ఒకేసారి మొత్తానికీ కలపండి. తర్వాత మళ్లీ కలిపితే అదే ఛాయ రాదు. ఒక్కో రంగుకు ఒక అంకె ఇచ్చి, బొమ్మలో ఆ భాగం మీద అదే అంకె వేయండి. అప్పుడు ఎప్పుడూ బ్రష్ పట్టనివారు కూడా తడుముకోరు.

మనిషికి రెండున్నర అడుగుల జాగా కావాలి. అంటే ఈ గోడ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి నిలబెట్టకండి, మిగతావాళ్లను గంటకొక జట్టుగా పిలవండి. పిల్లలు నేలమీదే, నిచ్చెన పెద్దవాళ్లకే. ఎండ తగిలే గోడమీద రంగు బ్రష్‌కే ఆరిపోతుంది. నీడ పడే పూట చూసుకోండి. లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. అంచుల్లో వంకరలొస్తే కంగారుపడి దిద్దకండి. చివర్లో చేయి కుదిరిన ఇద్దరు ముదురు గీత లాగితే అవన్నీ సర్దుకుంటాయి. పాతిక చేతుల పని ఒక్క బొమ్మలా కనిపించేది ఆ గీతవల్లే.

కింది అడుగు మేర వానకు బురద చిమ్ముతుంది. అక్కడ ముఖాలు పెట్టకుండా ముదురు పట్టీ వేసి, దాని పైన పనిచేసినవాళ్లందరి పేర్లూ రాయండి.

ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించే బదులు ఒక మూల కొన్ని గళ్లు ఖాళీగా ఉంచి, వచ్చినవాళ్ల చేత నింపించడం మేలు. ఆ తర్వాత ఒక వారం ఆరనిచ్చి, ఎండను తట్టుకునే మ్యాట్ (మెరుపులేని) వార్నిష్ పూయండి. తడి ఉండగా పూస్తే పాలపొరలా తెల్లబడుతుంది. మిగిలిన రంగులను అంకెలతో సహా మూత బిగించి దాచండి, బొమ్మ గీసుకుపోయిన మొదటి రోజే అవసరమొస్తాయి.