స్నార్కెల్ బిగించాక వచ్చే తలనొప్పులు: సమస్య - పరిష్కారం

థారో, బొలెరోనో, జిమ్నీనో ఉండి, కిట్ తెప్పించుకుని ఇంటి ముందే డ్రిల్ మిషన్ పట్టుకుని స్నార్కెల్ (ఇంజన్ పీల్చే గాలిని పైకప్పు ఎత్తునుంచి తెచ్చే గొట్టం) బిగించుకున్నవాళ్ళ కోసం ఇది. బయటికి కనిపించే ఆ నల్ల గొట్టం మామూలుగా ఇబ్బంది పెట్టదు. ఇబ్బందంతా బానెట్ కింద, గొట్టం ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి కలిసే చోట ఉంటుంది. అక్కడ వేలు దూరేంత సందు ఉన్నా మీరు పెట్టింది అలంకారమే, ఎందుకంటే ఇంజన్‌కి పైనుంచి లాగడం కన్నా పక్కన దగ్గరలో ఉన్న సందులోంచి లాగడమే సులువు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్నార్కెల్ నీళ్ళకన్నా దుమ్ముకే ఎక్కువ పనికొస్తుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీ రోడ్లమీద లారీ వెనకాల ఒక్క పావుగంట వెళ్ళి ఫిల్టర్ తీసి చూస్తే మీకే తెలుస్తుంది. చక్రాల దగ్గర లేచే దుమ్ము కన్నా పైకప్పు ఎత్తులో దుమ్ము పలచగా ఉంటుంది కదా, ఫిల్టర్ ఎక్కువ రోజులు వస్తుంది. అయితే దీనికి కూడా లీకు లేకుండా ఉండాలి.

గొట్టం మూతి మూసినా ఇంజన్ ఆగట్లేదు

బిగించాక అందరూ చేయాల్సిన మొదటి పరీక్ష ఇదే. బండిని ఐడ్లింగ్‌లో పెట్టి, గొట్టం పైన గాలి లోపలికి పోయే తల తీసేసి (తలకి నీళ్ళు కారే చిన్న సందులు ఉంటాయి, వాటిలోంచి గాలి వస్తుంది కాబట్టి తల ఉంచి పరీక్ష చేస్తే లెక్క తప్పుతుంది) గొట్టం మూతిని చదునైన ప్లైవుడ్ ముక్కతో మూయండి. ముక్కకి కింద సైకిల్ ట్యూబు రబ్బరు అంటిస్తే బాగా పట్టుకుంటుంది. గుడ్డ మాత్రం వద్దు, లోపలికి లాగేసుకుంటుంది. నాలుగైదు సెకన్లలో ఇంజన్ ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగిపోవాలి. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకండి. ఆగకుండా హాయిగా తిరుగుతోందంటే గాలి ఇంకెక్కడినుంచో వస్తోందన్నమాట.

ఎక్కడినుంచి? వరసగా చూసుకుంటూ రండి. మొదట కంపెనీ ఇచ్చిన పాత గాలి దారి: మడ్‌గార్డ్ లోపలికో, గ్రిల్ వెనక్కో తెరుచుకునే మూతి. కిట్‌తో దానికి మూత ఇచ్చారా, ఇస్తే పెట్టారా? చాలామంది కొత్తది కలుపుతారు గానీ పాతది మూయరు. తర్వాత డబ్బా అడుగున ఉండే చిన్న రబ్బరు వాల్వు, బాతు ముక్కులా ఉంటుంది. అది చిరిగినా ఊడిపోయినా లీకే. ఆ తర్వాత డబ్బా మూత క్లిప్పులు, మూత చుట్టూ ఉండే రబ్బరు, హోస్ క్లిప్పులు.

కంటికి దొరక్కపోతే చవకైన ఉపాయం ఒకటుంది. రాత్రిపూట ఫిల్టర్ తీసేసి డబ్బాలో చిన్న టార్చిలైటు వెలిగించి పెట్టి మూత బిగించండి, చుట్టుపక్కల లైట్లు ఆపేయండి. కరెంటు పోయిన రాత్రయితే మరీ మంచిది, మన దగ్గర దానికి కొదవలేదు. వెలుగు బయటికి వచ్చే ప్రతి చోటా నీళ్ళు లోపలికి పోతాయి. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే డబ్బాని ఊడదీసి, బయటికి వెళ్ళే మూతి మూసి, నీళ్ళు పోసి కింద ఎక్కడ కారుతోందో చూడండి. మళ్ళీ బిగించేముందు పూర్తిగా ఆరనివ్వాలి. తడిసిన కాగితం ఫిల్టర్ ఉబ్బిపోయి గాలిని ఆపేస్తుంది.

లీకు దొరికాక అందరూ చేసే పని సిలికాన్ ట్యూబు పిండేయడం. అది అక్కడ నిలవదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఎక్కువ బళ్ళలో పాలీప్రొపైలీన్ ప్లాస్టిక్, స్నార్కెల్ గొట్టం పాలీఇథిలీన్. ఈ రెండింటికీ సిలికాన్ గట్టిగా అంటుకోదు, ఆరాక గోరుతో గీకితే పట్టీలా ఊడొచ్చేస్తుంది. కాబట్టి అతుకు పని సిలికాన్‌కి అప్పజెప్పకుండా బిగింపుకి అప్పజెప్పండి: మధ్యలో మెత్తటి రబ్బరు గాస్కెట్, దాన్ని నొక్కిపట్టే ప్లేటో క్లిప్పో. సిలికాన్ సన్న సందుల్ని నింపడానికి మాత్రమే. అది కూడా వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అందులోంచి వచ్చే ఆసిడ్ ఆవిరి ఇనుముని తుప్పు పట్టిస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్న ట్యూబు అడగండి, హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతుంది. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజైనా పడుతుంది, ఈలోగా బండి స్టార్ట్ చేస్తే పచ్చి సిలికాన్ లోపలికి లాగుతుంది.

వానలో వెళ్ళొచ్చాక డబ్బాలో నీళ్ళు

తల ముందుకి తిరిగి ఉందా? వానలో హైవే మీద వేగంగా వెళ్తే గాలితోపాటు నీళ్ళూ దూరతాయి. తల డిజైను సరైనదయితే నీళ్ళని పక్క సందుల్లోంచి బయటికి తోసేస్తుంది, కానీ ఆ సందుల్లో ఎండుటాకులు, మట్టి చేరితే పని అయిపోయినట్టే. శుభ్రం చేసి చూడండి. తుఫాను వానలయితే తలని వెనక్కి తిప్పేయండి. చాలా కిట్లలో ఒక్క క్లిప్పు వదులు చేస్తే తిరుగుతుంది. దుమ్ము రోడ్డు మీద ముందు బండి వెనకాల వెళ్ళేటప్పుడూ అదే మంచిది.

రెండో కారణం కొంచెం విచిత్రం. లీకు భయంతో అడుగున ఉన్న ఆ రబ్బరు వాల్వుని సిలికాన్‌తో పూర్తిగా మూసేసి ఉంటారు. దాంతో పైనుంచి వచ్చిన కొద్ది నీళ్ళు పోయే దారి లేక అక్కడే నిలుస్తాయి. వాల్వు రబ్బరు బాగుంటే ఇంజన్ లాగుతున్నప్పుడు దానంతటదే మూసుకుని, ఆపాక నీళ్ళని వదిలేస్తుంది. కాబట్టి పాడైతే కొత్తది వేయండి, మూయకండి.

ఈల వేస్తోంది, హోరు వస్తోంది

హోరు మామూలే. ఇంజన్ గాలి పీల్చే శబ్దం ఇదివరకు మడ్‌గార్డ్ లోపల ఉండేది, ఇప్పుడు మీ చెవి పక్కకి వచ్చింది. సన్నటి ఈల మాత్రం మామూలు కాదు, అది ఎక్కడో చిన్న సందులోంచి గాలి దూరుతున్న శబ్దం. పై పరీక్ష మళ్ళీ చేయండి. వేగం 80 దాటాక మాత్రమే వచ్చే గుయ్‌మనే మోత అయితే తలని కొద్దిగా అటూ ఇటూ తిప్పి చూడండి, లేదా పైన ముందు అద్దం పక్కనున్న స్తంభానికి పట్టిన బ్రాకెట్ వదులై గొట్టం వణుకుతోందేమో చూడండి.

పుల్లింగ్ తగ్గింది, నల్ల పొగ

గాలి చాలట్లేదు. బిగించేటప్పుడు చెత్త పడకుండా గొట్టంలో కుక్కిన గుడ్డ తీశారా? నవ్వకండి, మెకానిక్ మొదట వెతికేది అదే. తర్వాత వంపు తిరిగే రబ్బరు హోసు. స్టార్ట్ చేసి ఒకరు యాక్సిలరేటర్ నొక్కుతుంటే ఇంకొకరు బానెట్ ఎత్తి చూస్తే, పలచటి హోసు లోపలికి నొక్కుకుపోవడం కనిపిస్తుంది. లోపల తీగచుట్టు ఉన్న హోసు వేస్తే సరిపోతుంది. ఇవేవీ కాకపోతే కిట్టుదే లోపం: బయటికి లావుగా కనిపిస్తూ లోపల దారి సన్నగా ఉండే నకిలీలు చాలా ఉన్నాయి. కంపెనీ మూతి లోపలి వెడల్పు కొలిచి, స్నార్కెల్‌లో ఎక్కడైనా అంతకన్నా సన్నబడిందేమో చూడండి. సన్నబడితే దాన్ని బాగుచేసే దారి లేదు, వాపసు ఇచ్చేయడమే.

చెక్ ఇంజన్ లైటు వెలిగింది

డబ్బా ఊడదీసినప్పుడు గాలి కొలిచే సెన్సార్ (మ్యాఫ్) కనెక్టర్ తీసి ఉంటారు, అది టక్కుమని కూర్చోలేదేమో ముందు చూడండి. స్కానర్‌లో పీ0100 నుంచి పీ0104 మధ్య కోడ్ వస్తే అనుమానం దానిమీదే. కనెక్టర్ బాగానే ఉంటే సెన్సార్‌కీ టర్బోకీ మధ్య ఉన్న పైపు క్లిప్పు చూడండి, ఎందుకంటే సెన్సార్ దాటాక దూరే గాలి లెక్కలోకి రాదు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తికమకపడుతుంది. సెన్సార్ మురికిపడితే దానికంటూ వేరే స్ప్రే ఉంటుంది, కార్బొరేటర్ క్లీనర్ కొట్టకండి.

దీనికన్నా భయపడాల్సింది ఇంకోటుంది. డబ్బాకి రంధ్రం చేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టు. ఫిల్టర్‌కి గొట్టం వైపు పడితే ఫిల్టర్ ఆపుతుంది, ఇంజన్ వైపు పడితే సెన్సార్ మీదుగా టర్బో రెక్కల్లోకే. డబ్బా బండిమీద ఉండగా కోయకండి. ఊడదీసి, కోసి, కడిగి, ఆరబెట్టి, అప్పుడు పెట్టండి.

మడ్‌గార్డ్ రంధ్రాలు కలవట్లేదు, కాళ్ళ దగ్గర తడి

కిట్‌తో వచ్చే కాగితం టెంప్లేట్ ఫోటోకాపీ అయితే కొలత మారిపోయి ఉండొచ్చు. కాగితం మీద రాసిన కొలతకీ స్కేలుతో కొలిచినదానికీ పొంతన ఉందో లేదో చూసుకోకుండా హోల్ సా (గుండ్రంగా రంధ్రం కోసే రంపం) పెట్టకండి. ఇప్పటికే కోసేశారు, రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చిందంటే కంగారు లేదు, గుండ్రటి ఆకురాయితో స్నార్కెల్ కప్పేసే వైపుకి రంధ్రాన్ని సాగదీయండి. బోల్టుని బలవంతంగా తిప్పితే గొట్టంలో పోతపోసిన ఇత్తడి నట్టు లోపలే తిరగడం మొదలవుతుంది, అప్పుడు బిగించనూ లేరు, విప్పనూ లేరు. అందుకే అన్నీ చేత్తో ఎక్కించాక చివర్లో కొంచెం కొంచెంగా బిగించాలి.

కోసిన రేకు అంచుకి ఆ రోజే ప్రైమర్ రెండు కోట్లు వేయాలి. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి సముద్రపు గాలి ఉన్న చోట్ల పచ్చి అంచు వదిలేస్తే ఒక్క వానాకాలం చాలు, పెయింట్ కింద తుప్పు బుడగలు లేస్తాయి. అద్దం స్తంభానికి పెట్టిన బ్రాకెట్ రంధ్రాల్లోంచి దిగిన నీళ్ళే చాలాసార్లు కాళ్ళ దగ్గర కార్పెట్ తడి చేస్తాయి. స్క్రూలు విప్పి, రంధ్రానికి ప్రైమర్ వేసి, న్యూట్రల్ సిలికాన్ పూసి మళ్ళీ బిగించండి. మామూలు ఇనుప ట్యాపింగ్ స్క్రూలు పారేసి స్టెయిన్‌లెస్‌వి వేయండి, కింద నైలాన్ వాషర్‌తో.

గెడ్డ (వాగు) దాటాక హౌసింగ్ ఆయిల్ తెల్లబడింది

స్నార్కెల్‌కీ దీనికీ సంబంధం లేదు, అదే చిక్కు. స్నార్కెల్ ఉందన్న ధైర్యంతో లోతుకి దిగుతాం, కానీ ముందూ వెనకా యాక్సిల్ హౌసింగ్‌లు (చక్రాలని తిప్పే గేర్లుండే డబ్బాలు), గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకీ శక్తి పంచే పెట్టె) గాలి పీల్చుకునే బ్రీదర్లు కిందే ఉంటాయి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్ళలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్‌లోంచో ఆయిల్ సీల్‌లోంచో నీళ్ళని లాగేస్తుంది. ఆయిల్ తెల్లగా చిక్కబడితే ఆలస్యం చేయకుండా మార్చేయాలి, బేరింగులు నిలవవు.

పరిష్కారం చవకే. ప్రతి బ్రీదర్‌కీ సరిపడే హోసు తొడిగి బానెట్ లోపల పైదాకా తీసుకెళ్ళి, చివర మూతి కిందికి వంచి కట్టండి. యాక్సిల్ కిందికీ పైకీ ఊగుతుంది కాబట్టి కొంచెం పొడవు వదలాలి. డ్రిప్ పైపు చేతికందిందని అది వేయకండి, వేడికీ ఆయిల్‌కీ మెత్తబడి మడత పడిపోతుంది. డీజిల్‌కి వాడే రబ్బరు హోసు కావాలి. నన్నడిగితే డబ్బులు ఒక్కదానికే ఉంటే స్నార్కెల్ ఆపి ముందు ఈ పని చేయించమంటాను.

నీళ్ళ మధ్యలో ఇంజన్ ఆగిపోయింది

సెల్ఫ్ కొట్టకండి. ఇంజన్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే, ఇంజన్ గాలిని నొక్కినట్టు (డీజిల్‌లో దాదాపు పదహారో వంతుకి) నీళ్ళని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండిని తాడుతో బయటికి లాగించి, మొదట ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. పొడిగా ఉంటే తప్పు వేరేచోట ఉంది, వైరింగో కనెక్టరో. తడిగా ఉంటే బండిని తోసి స్టార్ట్ చేసే ఆలోచన కూడా వద్దు. మెకానిక్ ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో (పెట్రోల్ బండయితే స్పార్క్ ప్లగ్గులు) విప్పి, ఇంజన్‌ని చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పంపాలి, ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, ఆ తర్వాతే సెల్ఫ్.

ఎంత లోతు వరకు అన్నదానికి స్నార్కెల్ ఎత్తు జవాబు కాదు. థార్‌కి కంపెనీ చెప్పింది 650 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీలోనే స్నార్కెల్‌తో వచ్చే ఫోర్స్ కంపెనీ గూర్ఖాకి 700. అంటే కంపెనీ స్నార్కెల్ పెట్టినా తేడా అంతే. ఫ్యాను, ఆల్టర్నేటర్, కనెక్టర్లు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి మరి. పారే నీరయితే రెండడుగుల లోతే పెద్ద బండినీ పక్కకి తోసేస్తుంది. ఇక నాగావళి సంగతి మనకి తెలిసిందే, ఇక్కడ ఎండ కాస్తున్నా ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ వరద. వంశధారలో గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువన నీటిమట్టం మారిపోతుంది. పొద్దున దాటిన కాజ్‌వే సాయంత్రం అదే కాజ్‌వే అనుకోకండి.

ఆఖరుగా కాగితాల గొడవ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి తయారీ వివరాలు మారేలా చేసే మార్పుల మీద ఆంక్షలున్నాయి, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కోయకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి. మామూలు పాలసీలో నీళ్ళు దూరి ఇంజన్ పోతే సాధారణంగా డబ్బు రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. అది ఉన్నా, మునిగిన బండికి సెల్ఫ్ కొట్టారని తేలితే క్లెయిమ్‌కి పేచీ పెడతారు.