చాట్‌లో స్పర్శతో మనసు తెలపడం ఎలా?

పోయిన సంక్రాంతికి సెలవు దొరకలేదు, ఊరికి రాలేనని అమ్మకు వాట్సాప్‌లో రాశాను. "సరే" అని జవాబొచ్చింది. ఆ ఒక్క మాటనే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. సరే, పర్వాలేదులే అనా? సరే, నీ ఇష్టం అనా? సరే, ఇక నేను చెప్పేదేముంది అనా? ఎదురుగా ఉంటే పలికిన తీరులోనే తెలిసిపోయేది. రాత్రి ఫోన్ చేస్తే అమ్మ గొంతు పూడుకుపోయి ఉంది. ఆ తర్వాత ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. రాసిన మాటతో పాటు ఫోన్ వైబ్రేషన్ కూడా కొంత చెప్పాలి. మీరూ చేసుకోవచ్చు.

ముందు ఒక విషయం. చేతి స్పర్శకు ఉన్న శక్తి చాలా పెద్దది. 2006లో అమెరికాలో మాథ్యూ హెర్టెన్‌స్టీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసిన ఒక ప్రయోగం వెలువడింది. తాకుతున్న మనిషి కనిపించకుండా మధ్యలో అడ్డు పెట్టి, చేతి మీద తాకిన తీరును బట్టే భావాన్ని చెప్పమన్నారు. కోపం, భయం, అసహ్యం, ప్రేమ, కృతజ్ఞత, సానుభూతి, వీటిని ఊరికే ఊహిస్తే కుదిరే దానికంటే చాలా ఎక్కువగా గుర్తుపట్టారు. ఫోన్ మోటారుకు అంత నేర్పు లేదు. వేలి వెచ్చదనం, నిమిరే తీరు దానికి రావు. అది ఎంతసేపు అదరాలి, మధ్యలో ఎంత ఆగాలి అన్నదే మన చేతిలో ఉంటుంది. కాబట్టి ఏ అదురుకు ఏ అర్థమో ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే అది వట్టి చప్పుడే.

అందుకే మొదట కూర్చుని భావాలు ఎంచుకోండి. మూడు చాలు, ఎక్కువైతే గుర్తుండవు. మావి ఇవి: మామూలు కబురు, "గుర్తొచ్చావు", "మనసు బాగోలేదు, వీలైతే మాట్లాడు". కోపానికి మాత్రం గుర్తు పెట్టుకోకండి. అవతలివాళ్లు బస్సులో ఉన్నారో, వంటింట్లో ఉన్నారో తెలియకుండా జేబులోకి కోపం పంపడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

తర్వాత ఫోన్ పక్కన పెట్టి, ఒకరి అరచేతి మీద ఒకరు తట్టి చూసుకోండి. అమ్మ నన్ను చిన్నప్పుడు జోకొట్టిన లయనే మేం "గుర్తొచ్చావు"కి తీసుకున్నాం. మెల్లగా రెండు తట్లు, కాస్త ఆగడం. ఒంటికి అలవాటైన లయను కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

ఇక ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ సంగతి. ఇందులో ఒక్కో సందేశానికి వేరే వైబ్రేషన్ పెట్టలేం, ఒక్కో చాట్‌కు పెట్టగలం. అందుకని ఇద్దరే ఉండే రెండు చిన్న గ్రూపులు తెరవండి. ఒకదానికి "తలపు" అనో, రెండోదానికి "మాట్లాడాలి" అనో మీకు నచ్చిన పేర్లు పెట్టండి. గ్రూపు పేరు మీద నొక్కి, నోటిఫికేషన్లలోకి వెళ్లి, వైబ్రేట్ అన్నచోట మొదటిదానికి పొట్టిది, రెండోదానికి పొడవుది ఎంచుకోండి. కొన్ని వెర్షన్లలో ముందుగా కస్టమ్ నోటిఫికేషన్లకు టిక్ పెట్టాలి. మామూలు చాట్‌ను ఉన్నట్టే వదిలేయండి. ఈ మార్పు చేయాల్సింది సందేశం అందుకునేవాళ్ల ఫోన్‌లో. ఇక్కడే చాలామంది పొరబడతారు. అమ్మ ఫోన్‌లో నేను ఊరెళ్లినప్పుడు పెట్టి వచ్చాను. ఇప్పుడు "తలపు"లో రెండు మూడు సెకన్ల ఎడంతో రెండు సందేశాలు పంపితే అదే జోకొట్టడం. టెలిగ్రామ్‌లోనూ చాట్‌కో వైబ్రేషన్ పెట్టుకోవచ్చు.

ఇద్దరివీ ఐఫోన్లయితే మెసేజెస్ యాప్‌లో డిజిటల్ టచ్ ఉంది. 2015లో యాపిల్ వాచ్‌తో వచ్చింది, మరుసటి ఏడాది ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 10తో ఫోన్‌లోకీ చేరింది. అందులో రెండు వేళ్లతో తడితే ముద్దు, రెండు వేళ్లు ఆనించి ఉంచితే గుండె చప్పుడు, అలాగే ఉంచి కిందికి లాగితే పగిలిన గుండె. వాచీ కట్టుకున్నవాళ్లకు ఆ చప్పుడు మణికట్టు మీదే తెలుస్తుంది. పంపినవాళ్లూ వాచీ నుంచే పంపితే అది వాళ్ల సొంత గుండె లయే. నాకు వీటన్నిటిలో బాగా నచ్చింది ఇదే. ఐఫోన్‌లో కాంటాక్ట్ ఎడిట్ చేసి, టెక్స్ట్ టోన్‌లో, వేలితో తట్టి మీ సొంత వైబ్రేషన్ కూడా తయారు చేయొచ్చు. కానీ అది ఎవరు పంపారో చెబుతుంది, ఎలాంటి మనసుతో పంపారో చెప్పదు. పైగా వాట్సాప్‌కు వర్తించదు.

సొంతంగా చాట్ వెబ్ పేజీ రాసుకునేవాళ్లకు ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వైబ్రేషన్ ఏపీఐ ఉంది, అంటే పేజీలోని కోడ్ నుంచే ఫోన్‌ను అదిరించే సదుపాయం. అదిరే సమయం, ఆగే సమయం మిల్లీసెకన్లలో వరసగా ఇస్తే చాలు. జోకొట్టడానికి 200, 400, 200తో మొదలుపెట్టి చూడండి. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌లో ఇది పనిచేయదు.

చివరగా పరీక్ష. ఫోన్ జేబులో పెట్టుకుని, తెర చూడకుండా, ఏ గ్రూపు నుంచి వచ్చిందో చెప్పమనండి. పదిసార్లు పంపితే రెండుకు మించి తప్పితే గుర్తులు మార్చుకోండి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటిలో, ఒక పక్కకే బరువు ఉన్న ముక్కను గిర్రున తిప్పే మోటారు ఉంటుంది. అది అందుకోవడానికీ ఆగడానికీ టైమ్ పడుతుంది కాబట్టి దగ్గర దగ్గర తట్లు కలిసిపోతాయి. అలాంటప్పుడు తట్ల మధ్య ఎడం పెంచండి. డు నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉందేమో, బ్యాటరీ సేవర్ వైబ్రేషన్‌ను ఆపేస్తోందేమో కూడా చూడండి. అమ్మ ఫోన్‌లో మొదటి వారం ఏ అదురూ అందకపోవడానికి కారణం ఆ బ్యాటరీ సేవరే.