మెయింటెనెన్స్ బిల్లును నిలదీయాలంటే

"ఎందుకింత పెంచారు?" అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే "అన్నీ పెరిగాయి కదండీ" అనే జవాబే వస్తుంది. రూపాయల సంగతి తర్వాత, ముందు పరిమాణాలు అడగండి: ఎన్ని లీటర్లు, ఎన్ని ట్యాంకర్లు, ఎంతమంది మనుషులు.

కోపంతో డబ్బు కట్టడం మాత్రం ఆపొద్దు. బకాయి పడితే మీ ప్రశ్న పక్కకుపోయి మీ బాకీయే చర్చ అవుతుంది. "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని సెక్రటరీకి మెయిల్ పెట్టి కట్టేయండి. అదే మెయిల్లో 12 నెలల జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, ఏజెన్సీలతో ఒప్పందాలు, వోచర్లు చూపించమనండి.

తేడాలు ఎక్కువగా దొరికేది సెక్యూరిటీ, డీజిల్, నీళ్ల దగ్గరే. ఒక గేటుకి 8 గంటల షిఫ్టుల్లో వారానికి 21 డ్యూటీలు. మనిషి ఆరు రోజులు చేస్తే మూడున్నర మంది కావాలి, అంటే నాలుగు కాపలా పాయింట్లకి 14 మంది. బిల్లులో 18 మంది ఉంటే హాజరు పట్టీ, వాళ్ల పేర్లతో ఉన్న పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు అడగండి. 12 గంటల షిఫ్టులైతే లెక్క వేరు, అది ఒప్పందంలో చూడండి.

సరిపడా లోడు మీద నడిచే జనరేటర్ లీటరు డీజిల్‌కి సుమారు 3 నుంచి 3.5 యూనిట్ల కరెంటు ఇస్తుంది. 400 లీటర్లకి మీటర్లో 700 యూనిట్లే కనిపిస్తే ఎక్కడో తేడా ఉంది. అయితే వెంటనే దొంగతనం అనేయకండి. పెద్ద జనరేటర్ తక్కువ లోడు మీద తిరిగినా ఇలాగే తాగుతుంది. నీళ్ల ట్యాంకర్లకి గేటు రిజిస్టరు, బిల్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

లిఫ్ట్ ఏఎంసీలో (ఏడాది నిర్వహణ ఒప్పందంలో) విడిభాగాలు కలిసే ఉంటే వాటికి మళ్లీ విడిగా బిల్లు రాకూడదు.

జీఎస్‌టీ 18 శాతం వేశారా? సొసైటీ ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటాలి, మీ నెల చందా 7,500 కూడా దాటాలి. రెండూ దాటితేనే పన్ను. నెలకి 7,800 కట్టేవారికి 2019 నాటి కేంద్ర సర్క్యులర్ ప్రకారం మొత్తం మీద 1,404 రూపాయలు పడుతుంది. దాటిన భాగానికే పన్ను అన్న 2021 మద్రాస్ హైకోర్టు తీర్పు ప్రకారమైతే 54. మీ ఆడిటర్ ఏ లెక్కన వేశారో రాతపూర్వకంగా తీసుకోండి.

నిర్వహణ ఇంకా బిల్డర్ చేతిలోనే ఉంటే దారి వేరు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) 11వ సెక్షన్ ప్రకారం అసోసియేషన్ బాధ్యత తీసుకునేదాకా సహేతుకమైన ఛార్జీలకే సేవలు అందించాలి. స్వాధీనం ఇచ్చిన అయిదేళ్లలో బయటపడిన నిర్మాణ లోపాలని 14వ సెక్షన్ కింద బిల్డరే ఉచితంగా సరిచేయాలి. ఆ రిపేర్లు మెయింటెనెన్స్‌లో కలిపేయడం మామూలే, అందుకే ప్రతి పెద్ద రిపేరు వోచరూ తిరగేయండి.

జనరల్ బాడీకి వెళ్లేముందే మీ అంశాన్ని అజెండాలో రాయించండి. "ఇతర అంశాలు" కిందకి తోస్తే అది వచ్చేసరికి సగం మంది భోజనాలకి లేచిపోతారు. అక్కడా తేలకపోతే, తెలుగు రాష్ట్రాల్లోని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకి వెళ్లొచ్చు.