ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతుంటే ఎలా సరిచేయాలి?

వైఫై పూర్తిగా పోతే అంత బాధ లేదు. ఆఫీసంతా గగ్గోలు పెడుతుంది, ఎవరో ఒకరు వచ్చి బాగు చేస్తారు. వచ్చిపోతూ ఉండే వైఫైతోనే తంటా. మీటింగు మధ్యలో మీ గొంతు ఆగిపోతుంది, ఫైలు సగం ఎక్కి నిలిచిపోతుంది. తీరా ఐటీ విభాగం వారు వచ్చి చూసేసరికి అన్నీ సజావుగా పనిచేస్తుంటాయి. డాక్టరు గుమ్మం తొక్కగానే పంటినొప్పి మాయమైనట్టు.

ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు కొన్నేళ్లు నా నెత్తిన పడ్డాయి. అప్పట్లో నేను చేసిన తప్పే ఇప్పటికీ చాలామంది చేస్తుంటారు. ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేస్తారు, పాస్‌వర్డు తీసేసి మళ్లీ ఇస్తారు, డ్రైవర్ (వైఫై పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) మారుస్తారు, రౌటర్ ఆపి వేస్తారు, అన్నీ ఒకే గంటలో. ఆ పూటకు వైఫై కుదురుకుంటుంది. ఏ మందు పనిచేసిందో తెలియదు కనుక రెండు రోజులకు మళ్లీ తెగితే కథ మొదటికి వస్తుంది. అందుకే మొదటి రెండు రోజులు ఏ సెట్టింగునూ ముట్టుకోకండి.

1. ముందు చిట్టా రాయండి

తెగిన ప్రతిసారీ ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: సమయం, మీరు కూర్చున్న చోటు, చార్జర్ పెట్టి ఉందా లేదా, ల్యాప్‌టాప్‌కు ఇంకా ఏమేమి తగిలించి ఉన్నాయి. పక్క సీటులో ఉన్నవారికి కూడా అదే నిమిషంలో తెగిందా అని అడిగి అదీ రాయండి. పది వరుసలు నిండేసరికి సగం జవాబు అందులోనే కనిపిస్తుంది.

ఇంకొకటి. తెగిందనిపించిన క్షణంలో వైఫై గుర్తు మీద నొక్కి, ఆఫీసు నెట్‌వర్క్ పేరు కింద కనెక్టెడ్ అని ఉందో లేదో చూడండి. అది ఉండి కూడా పేజీలు తెరుచుకోకపోతే మీ వైఫై తెగలేదు. అడ్డం వైఫై దాటాక ఉన్న దారిలో ఎక్కడో ఉంది: ఇంటర్నెట్ లైనులోనో, ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రంగా కలిపే వీపీఎన్‌లోనో. ఈ తేడా తెలియక డ్రైవర్ల వెంటపడి రోజులు పోగొట్టుకున్నవారిని చూశాను.

మీ చిట్టాతో పాటు విండోస్ కూడా ఒక చిట్టా రాస్తూ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, నెట్‌ష్, డబ్ల్యు-లాన్, షో, డబ్ల్యు-లాన్-రిపోర్ట్ అనే నాలుగు మాటలను ఆంగ్లంలో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలి టైప్ చేయండి. నెట్‌ష్ అంటే ఎన్, ఇ, టి, ఎస్, హెచ్. డబ్ల్యు-లాన్ అంటే డబ్ల్యు, ఎల్, ఎ, ఎన్ అనే నాలుగు అక్షరాలే, మధ్యలో గీతలు ఉండవు. నాలుగో మాటలో వాటికి రిపోర్ట్ అన్నది కలిసిపోతుంది. గడిచిన 3 రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఏ కారణం చెప్పి తెగింది అన్నదంతా ఒక పేజీగా తయారవుతుంది. ఆ పేజీ ఏ ఫోల్డరులో ఉందో అక్కడే చూపిస్తుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి మీకు లేకపోతే ఐటీ విభాగాన్ని అడిగి తీయించుకోండి.

2. అందరికీనా, మీ ఒక్కరికేనా?

దీన్ని తేల్చకుండా ముందుకు వెళ్లకండి. అందరికీ తెగుతుంటే మీ ల్యాప్‌టాప్‌ను వదిలేయండి, దానికి ఏ జబ్బూ లేదు. చిట్టాలోని సమయాలు చూడండి.

మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్యే తెగుతోందా? భోజనాల గదిలోని మైక్రోవేవ్ ఓవెన్‌ను అనుమానించండి. అది వేడి పుట్టించేది సుమారు 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలతో. పాత వైఫై బ్యాండ్ (వైఫై వాడుకునే తరంగాల పట్టీ) 2.4 గిగాహెర్ట్జ్ కూడా సరిగ్గా అక్కడే ఉంది. తలుపు సందుల్లోంచి మనిషికి హాని చేయనంత కొద్దిపాటి తరంగాలు బయటికి వచ్చినా, బలహీనమైన వైఫై సంకేతాన్ని చెదరగొట్టడానికి అవి చాలు. ఒకరి పప్పుచారు వేడెక్కుతుంటే గోడకు ఇవతల ఇంకొకరి వీడియో కాల్ తెగిపోతుందన్నమాట. ఓవెన్‌ను జరపడం కన్నా ఆ వైపు కూర్చునేవారిని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మార్చడం తేలిక. మీరు ఏ బ్యాండ్ మీద ఉన్నారో సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే కనిపిస్తుంది, దాని దగ్గరే చానెల్ అంకె, అంటే ఆ బ్యాండ్‌లో మీ వైఫై వాడుతున్న పాయ అంకె కూడా ఉంటుంది.

ఆ అంకెను కూడా రాసుకోండి. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లను కొన్ని రాడార్లు కూడా వాడుకుంటాయి, అక్కడ మొదటి హక్కు వాటిదే. రాడార్ జాడ వినిపించిందంటే యాక్సెస్ పాయింట్ (గదిలో వైఫై పంచే పెట్టె) 10 సెకన్లలో ఆ చానెల్ ఖాళీ చేయాలి, 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. అదే తరహా మరో చానెల్‌కు మారాలంటే ముందు 60 సెకన్లు మౌనంగా చెవి ఒగ్గి వినాలి. గదిలో అందరికీ ఒక్కసారిగా పోయి, నిమిషం తర్వాత తనంతట తానే వస్తోందంటే ఇది అయ్యే అవకాశం ఉంది. చానెల్‌ను 36, 40, 44, 48లలో ఒకదానికి మార్చమని ఐటీ వారిని అడగండి.

ఉదయం ముందుగా వచ్చినవారికి బాగానే ఉండి, పదిన్నర దాటాక వచ్చినవారికే కలవకపోతే అది చిరునామాల కరువు. నెట్‌వర్క్‌లో కలిసే ప్రతి పరికరానికీ ఐపీ చిరునామా అనే ఒక అంకె కావాలి, చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో సాధారణంగా అవి 254 మాత్రమే ఉంటాయి. వంద మంది ఉద్యోగులు తలా ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోను తెస్తే 200 అయిపోయాయి. ప్రింటర్లు, కెమెరాలు, వచ్చిపోయే అతిథుల ఫోన్లు మిగిలినవి తీసేసుకుంటాయి. గుర్తు పట్టడం సులువు: వివరాల్లో మీ ఐపీ చిరునామా 169.254తో మొదలైతే, అడిగినా ఎవరూ చిరునామా ఇవ్వలేదని అర్థం. ఫోన్లకు వేరే నెట్‌వర్క్ పెట్టడమే దీనికి మందు.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తెగితే చెప్పనక్కరలేదు. రౌటర్‌కు యూపీఎస్ ఉంది, మీ తల మీద ఉన్న యాక్సెస్ పాయింట్‌కు లేదు.

3. మీ ఒక్కరికే అయితే: చార్జర్ సంగతి

చిట్టాలో ఎక్కువ వరుసలు చార్జర్ తీసినప్పటివే అయితే, బ్యాటరీ మిగల్చడానికి ల్యాప్‌టాప్ వైఫై పరికరాన్ని కునుకు తీయిస్తోంది. డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్లలో వైఫై పేరు మీద రెండుసార్లు నొక్కండి. పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీలో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపే అనుమతి కంప్యూటర్‌కు ఇస్తున్నట్టు ఒక ఆంగ్ల వాక్యం, దాని పక్కన టిక్కు ఉంటాయి. ఆ టిక్కు తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పేజీ కనిపించదు, మీ తప్పు కాదు. ఒక రోజు చూసి, ఫలితం రాసుకున్నాకే తర్వాతి పనికి వెళ్లండి.

4. తగిలించినవన్నీ తీసి చూడండి

యూఎస్‌బీ 3 హబ్‌లు, బయటి హార్డ్ డిస్కులు పనిచేస్తున్నప్పుడు వాటి నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. నాసిరకం తీగలతో ఇది మరీ ఎక్కువ. హబ్ తీసేయగానే వైఫై కుదుటపడితే, పొడవైన తీగతో దాన్ని ల్యాప్‌టాప్‌కు దూరంగా పెట్టండి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కు మారండి.

డాక్ (తెర, తీగలు అన్నీ ఒకేచోట ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) వాడేవారిని ముప్పుతిప్పలు పెట్టేది మరొకటి. ఆఫీసుల కోసం అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లలో, నెట్‌వర్క్ తీగ తగలగానే వైఫైని ఆపేసే ఏర్పాటు బయోస్‌లోనే, అంటే విండోస్ కన్నా ముందు లేచే మూల సెట్టింగుల్లోనే ఉంటుంది. తీగ గట్టిగా ఉన్నంతకాలం అది మంచిదే. దాని చివరి ప్లాస్టిక్ నాలుక విరిగి వదులైతే మాత్రం, బల్ల కదిలినప్పుడల్లా తీగ తగులుతుంది, వైఫై ఆగుతుంది. తీగ ఊడుతుంది, వైఫై మళ్లీ వెతుక్కుంటుంది. తెర మీద కనిపించేది వైఫై తెగడమే కనుక నేరం దాని మీద పడుతుంది. నేను ఒకసారి వారం రోజులు డ్రైవర్లు మార్చి, చివరికి కొత్త తీగ వేసి గట్టెక్కాను.

5. చోటు మార్చి చూడండి

ఒకే సీటులో తెగి, రెండు వరసలు ముందుకు వెళ్తే తెగకపోతే గోడలను, బీరువాలను చూడండి. ఇనుప బీరువా వెనక కూర్చుంటే సంకేతం చుట్టూ తిరిగి రావాలి. సంకేత బలాన్ని డీబీఎం అనే కొలతలో మైనస్ అంకెగా చెబుతారు. సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. కాల్స్ సాఫీగా సాగాలంటే మైనస్ 67 లేదా అంతకన్నా మంచిది ఉండాలి, మైనస్ 80కి పడితే తెగడం వింత కాదు. మ్యాక్‌బుక్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని వైఫై గుర్తును నొక్కితే ఈ అంకె నేరుగా కనిపిస్తుంది.

నడుస్తున్నప్పుడే తెగుతుంటే, ల్యాప్‌టాప్ దూరమైన యాక్సెస్ పాయింట్‌ను వదలక పట్టుకుని వేలాడుతోంది. ఇంటెల్ వైఫై ఉంటే డివైస్ మేనేజర్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అనే సెట్టింగు ఉంటుంది. దాన్ని ఒక మెట్టు పెంచండి, ఒక్క మెట్టే. మరీ పెంచితే కుదురుగా కూర్చున్నా అటూ ఇటూ గంతులు వేస్తుంది.

6. డ్రైవర్, ఆఖరున రీసెట్

విండోస్ అప్‌డేట్ అయిన రోజు నుంచే మొదలైతే, డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ పేజీలోని రోల్ బ్యాక్ మీట నొక్కి పాతదానికి వెళ్లండి. అలా కాకుంటే ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి మీ మోడల్‌కు చెందిన కొత్త డ్రైవర్ వేయండి.

నెట్‌వర్క్ రీసెట్ చేస్తే దాచుకున్న వైఫై పాస్‌వర్డులు పోతాయి, వీపీఎన్‌ను మళ్లీ అమర్చుకోవాల్సి రావచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఐటీ విభాగానికి చెప్పకుండా ఆ పని చేయకండి.

ఇవన్నీ అయ్యాక కూడా తెగుతుంటే వారికి రాయండి. "వైఫై సరిగా రావడం లేదు" అని రాస్తే మీ ఉత్తరం వరుసలో చివరికి వెళ్తుంది. ఇలా రాసి చూడండి: "సోమ, మంగళవారాల్లో 7 సార్లు తెగింది, సమయాలు జతచేశాను. మూడో అంతస్తులో కిటికీ పక్క సీటులోనే. పక్కవారికి తెగలేదు. 5 గిగాహెర్ట్జ్, చానెల్ 44. చార్జర్ ఉన్నా లేకున్నా అంతే. డాక్, హబ్ తీసి చూశాను, డ్రైవర్ కొత్తది వేశాను. 3 రోజుల రిపోర్టు జతపరిచాను."