మందు మానడం ఎలా? మూడో రోజు రాత్రి దాటడం ఎలా?

మందు మానాలనుకునే వాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లడం పదకొండేళ్లుగా నా పని. జీతం లేదు. అంతకుముందు నేనే నాలుగుసార్లు మానాను, అందులో మూడుసార్లు తప్పుగా మానాను. అందుకే ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, నిన్నటి నుంచి బంద్, ఇక ముట్టను" అంటే నేను శభాష్ అనను. "ఎక్కడున్నావు? పక్కన ఎవరున్నారు?" అని అడుగుతాను.

కావాల్సినవి

ఒక సైకియాట్రిస్టు, వారం పది రోజుల సెలవు, ఒక చిన్న నోట్‌బుక్కు, ఐదు రోజులు పక్కనే ఉండే మనిషి. ఆ మనిషి భార్య కాకూడదు. ఆవిడ ఇప్పటికే అలసిపోయి ఉంటుంది, పైగా ఆవిడ మీద అరవడం మనకు అలవాటు. బావమరిదిని పిలవండి. బావమరిది ముందు మనిషి కాస్త పరువుగా ఉంటాడు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఒకటి: ఒప్పుకోవడం

దీని మీద జనం గంటలకొద్దీ వాదించుకుంటారు. బీరే కదా, శనివారమే కదా, నా డబ్బే కదా. నేను ఒక్కటే అడుగుతాను: పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక నైన్టీ పడితేనే ఆగుతున్నాయా? అవునంటే అది అలవాటు కాదు, జబ్బు. కాదంటే సంతోషం, అయినా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి.

మార్పుకు ఐదు దశలుంటాయని పుస్తకాల్లో రాస్తారు: పట్టించుకోకపోవడం, ఊగిసలాట, సిద్ధపడటం, మానడం, నిలబెట్టుకోవడం. ప్రొచాస్కా, డిక్లెమెంటే అనే అమెరికా మనస్తత్వవేత్తలు 1980ల్లో సిగరెట్లు మానేవాళ్లను చూసి చెప్పిన లెక్క అది. లెక్క మంచిదే. కానీ మన దగ్గర చాలామంది ఊగిసలాటలోంచి సిద్ధపడకుండానే మానడంలోకి దూకేస్తారు. మునిగేది అక్కడే.

రెండు: రాసుకోవడం

మూడే మూడు సంగతులు రాయాలి. రోజుకు ఎంత, చివరిసారి తాగింది ఏ రోజు ఎన్ని గంటలకు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ గానీ పిచ్చి మాటలు గానీ వచ్చాయా. నిద్రమాత్రలు, కల్తీ కల్లు అలవాటుంటే అదీ రాయండి. డాక్టరు ముందు "అప్పుడప్పుడు, కొంచెం" అనొద్దు. ఫుల్ బాటిల్ లాగించేవాడు క్వార్టర్ అని చెప్తే, డాక్టరు క్వార్టర్‌కు సరిపడా మాత్రలే రాస్తాడు. ఆ తేడా మూడో రోజు రాత్రి తెలుస్తుంది.

మూడు: ఆపడం

ఇక్కడ నిదానంగా చదవండి.

మూసిన తలుపును అవతల ఒకడు తోస్తున్నాడు, ఇవతల మనం అంతే బలంగా తోస్తున్నాం అనుకోండి. అవతలివాడు చటుక్కున తప్పుకుంటే మనం బోర్లా పడతాం. ఏళ్ల తరబడి మందు మెదడును జోకొడుతూ ఉంటే, మెదడు దానికి ఎదురు తోస్తూ బతుకుతుంది. మందు ఒక్కసారిగా ఆగితే జరిగేది ఇదే. మనసు గట్టిదా కాదా అన్నదానికి దీనితో సంబంధం లేదు.

చివరి గుక్క తర్వాత ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమట, వాంతులు, గుండె దడ, చెప్పలేనంత టెన్షన్ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. నాకు అలాగే వచ్చింది. అప్పుడు ఇంట్లోనే, ఎవరికీ చెప్పకుండా మానాను. రెండో రోజు బాత్రూంలో పడిపోయి, బకెట్ అంచు తగిలి నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి. మా ఆవిడ నేను తాగి పడ్డాననుకుంది. తాగనందుకు పడ్డానని ఎవరికి చెప్పను?

రెండో రోజు గడిచాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు గండం అప్పుడే వస్తుంది. 48 గంటల నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి చలిస్తుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మా వీధిలో ఒక టైలరు మూడో రోజు రాత్రి మంచం మీద కూర్చుని, లేని సూదిని కళ్ల దగ్గర పెట్టుకుని, లేని దారాన్ని పెదాలతో తడిపి ఎక్కిస్తున్నాడు. దారం ఎక్కడం లేదని తిట్టుకుంటున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది, ఒళ్లు కాలిపోతోంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి ఆటో పిలిచారు. ఆ ఆటోనే ఆసుపత్రికి తిప్పించాం. ఐదు రోజులకు మనిషి మనిషయ్యాడు. తాయెత్తు దాకా వెళ్లుంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు, ఈ స్థితిలో ప్రాణాలు పోతాయి.

కాబట్టి రోజూ తాగేవాళ్లు ఇంట్లో సొంతంగా, ఒక్కసారిగా ఆపకూడదు. ముందు డాక్టరు. వణుకు కొద్దిగానే ఉండి, పక్కన నమ్మకమైన మనిషి ఉంటే డాక్టరే మాత్రలిచ్చి ఇంటికి పంపొచ్చు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, వయసు మీద పడినా, లివరు, గుండె, షుగరు ఇబ్బందులున్నా అడ్మిట్ కావాల్సిందే. సోమవారం పొద్దున అడ్మిట్ అవ్వండి. శుక్రవారం చేరితే మూడో రోజు ఆదివారం పడుతుంది, ఆ రాత్రి పెద్ద డాక్టరు దొరకడు. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, నా మాట నమ్మండి. అయితే ఇప్పటికే ఆపేసి, వణుకు మొదలైన వాళ్లకు సోమవారాలు లేవు. వెంటనే బయల్దేరాలి.

ఆసుపత్రిలో క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్రలిచ్చి, వారంలోపు మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. లివరు బాగా దెబ్బతింటే లోరాజెపామ్ ఇస్తారు. ఆ చీటీ తీసుకెళ్లి మళ్లీ మళ్లీ కొనుక్కోవద్దు. వాటికీ అలవాటు పడతాం. వాటి మీద మందు తాగితే ఊపిరే ఆగిపోవచ్చు. మాత్రలు బావమరిది జేబులో ఉండాలి, రోగి దిండు కింద కాదు.

ఇంకో సంగతి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ ఎక్కిస్తారు. తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మతిమరుపు జీవితాంతం ఉండిపోవచ్చు. "థయమిన్ ఇచ్చారా?" అని గట్టిగా అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

"పోయినసారి మానినప్పుడు ఏమీ కాలేదన్నా" అంటారు కొందరు. తాగడం, ఆపడం, మళ్లీ తాగడం, ఇలా జరిగే కొద్దీ ప్రతిసారీ వణుకు ముదురుతుంది. పోయినసారి గట్టెక్కడం ఈసారికి పూచీ కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులన్నీ ఒకేసారి మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరస కట్టింది ఇందుకే. వాళ్లలో ఎవరూ మానాలనుకుని మానలేదు, మందు దొరక్క మానారు. ఒంటికి ఆ తేడా తెలియదు.

మాల వేసుకుని మానేవాళ్లకూ ఇదే మాట. మాల మీద నాకు గౌరవమే. కానీ రోజూ తాగే మనిషి మాల వేసుకోవడానికి రెండు వారాల ముందే డాక్టరును కలిసి, ఒళ్లు సర్దుకున్నాక వేసుకోవాలి. గదిలో పెట్టి తాళం వేసే సెంటర్ల సంగతి ఎత్తకండి. నేను మానిన నాలుగుసార్లలో ఒకటి అలాంటి చోటే. గొళ్లెం తీసిన గంటకు నేను బెల్టు షాపు ముందున్నాను.

నాలుగు: మాత్రలు

డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకుంటే పనికొస్తుంది. కానీ మన ఇళ్లలో దాన్ని పొడి చేసి సాంబారులో కలుపుతారు. ఆయనకు తెలియదు, సాయంత్రం క్వార్టర్ వేస్తాడు, ఐసీయూలో తేలతాడు. పేపర్లో ప్రకటనలు చూసి తెప్పించే, రోగికి తెలియకుండా కలపమనే పొడులు ఇంకా ఘోరం. వాటిలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. తాగాలన్న కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. లివరు, కిడ్నీ పరీక్షలు చూసి ఏది కుదురుతుందో డాక్టరు చెప్తాడు.

ఐదు: సాయంత్రాలు

ఒళ్లు వారంలో తేరుకుంటుంది. సాయంత్రం ఆరున్నర మాత్రం రోజూ వస్తుంది. ఆరింటికల్లా కడుపు నిండా తినాలి. పెరుగన్నం, ఆవకాయ. టిఫిన్ కుదరదు, అన్నమే. ఆకలికీ మందు కోరికకూ తేడా తెలియని మనిషికి ఖాళీ కడుపు ప్రమాదం. వైన్స్ ఉన్న రోడ్డు మార్చండి. జేబులో యాభై రూపాయలు మించకూడదు, ఫోన్‌పే ఉన్న ఫోన్ ఇంట్లో ఉంచండి. నిద్ర కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు సరిగ్గా పట్టదు. అది మామూలే, దానికోసం నిద్రమాత్రలు వెతకొద్దు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్లండి. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టిన సంఘం అది, ఇద్దరూ తాగుబోతులే. హైదరాబాద్‌లోనూ నడుస్తోంది. ఫీజు లేదు, పేరు పూర్తిగా చెప్పక్కర్లేదు. నేను మొదటి నెల ఒక్క ముక్క మాట్లాడలేదు, టీ తాగి వచ్చేవాణ్ని.

నలభై రెండో రోజు జాగ్రత్త. మాల తీసేసిన మర్నాడు ఎంతమంది మళ్లీ మొదలెట్టారో మీ వీధిలోనే లెక్కేయండి.

ఆరు: జారితే

పెళ్లిలోనో చావింట్లోనో ఒక పెగ్గు పడుతుంది. "ఎలాగూ పడింది కదా" అని బాటిల్ ఖాళీ చేయకండి. గ్లాసు అక్కడే పెట్టేసి బావమరిదికి ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే. డైసల్ఫిరామ్ మీదున్నవాళ్లు తిన్నగా ఆసుపత్రికి వెళ్లాలి. వారం పది రోజులు వరసగా తాగేసి ఉంటే మాత్రం పైన చెప్పిన "మూడు: ఆపడం" నుంచి మళ్లీ మొదలు, నోట్‌బుక్కు తీసి చివరి గుక్క ఎన్నింటికో రాసుకుని.